క్షీణకల్మషాః: పుచ్చుకున్నదీ పంచిపెట్టినదీ

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా కాలం చేస్తే, పదో రోజు కర్మకు వచ్చిన చుట్టాలు వాకిట్లో కూర్చుని పోయిన మనిషిని తలచుకుంటారు. ఆ తలపోతలో చదువు గురించీ, సంపాదన గురించీ వచ్చే మాటల కన్నా ముందుగా వినిపించే మాట ఒకటి ఉంది: "కడుపుల కల్మషం లేని మనిషి." అంతకు మించిన మెచ్చుకోలు మా వైపు మరొకటి లేదని నా నమ్మకం. ఆ మాట అన్నవారిలో భగవద్గీత చదివినవారు ఒకరో ఇద్దరో ఉంటారేమో గాని, చదవనివారు ఆ మాటను వాడే తీరు కూడా గీతలో భగవానుడు వాడిన తీరుకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆ మాటనూ, అది వచ్చే ఒక శ్లోకాన్నీ పట్టుకుని కొంత ఆలోచించాలని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

మనం "పాపం చేశాడు" అంటాం గాని "కల్మషం చేశాడు" అని ఎవరమూ అనం. "మనసులో కల్మషం ఉంది", "కల్మషం పెట్టుకున్నాడు", "కల్మషం కడిగేసుకున్నాడు" అంటాం. పాపం ఒక పని. ఆ పని అయిపోయి, చూసినవారు మరచిపోయి, చేసినవాడు కూడా మరచిపోయిన తర్వాత లోపల మిగిలి ఉండేదాన్ని కల్మషం అంటున్నాం. సంస్కృతంలో ఈ మాటకు మురికి, మచ్చ, మాలిన్యం, పాపం అనే అర్థాలన్నీ ఉన్నాయి. గీతలో ఇది వచ్చే చోట్లు చూడండి. 4వ అధ్యాయం 30వ శ్లోకంలో "యజ్ఞక్షపితకల్మషాః", 5వ అధ్యాయం 17వ శ్లోకంలో "జ్ఞాననిర్ధూతకల్మషాః", అదే అధ్యాయం 25వ శ్లోకంలో "క్షీణకల్మషాః", 6వ అధ్యాయం 27వ శ్లోకంలో "అకల్మషమ్", ఆ వెంటనే 28వ శ్లోకంలో "విగతకల్మషః". ఒకచోట యజ్ఞంతో అరిగిపోయింది, ఒకచోట జ్ఞానంతో దులిపివేయబడింది, ఒకచోట సన్నగిల్లింది, ఒకచోట లేనే లేదు, ఒకచోట తొలగిపోయింది. ఫలానావాడు కల్మషం గలవాడని వేలెత్తి చూపడానికి ఈ ఐదు చోట్లా భగవానుడు ఆ మాటను వాడలేదు. అది పోతున్నప్పుడో, పోయిన తర్వాతో మాత్రమే దాని పేరు తీశాడు. ఈ దయను గమనించిన తర్వాత ఈ శ్లోకాలను నేను వెనుకటిలా చదవలేకపోయాను.

దసరాకు ముందు అటక మీది ఇత్తడి సామాను దించి చింతపండుతో తోమే ఇల్లాలికి ఈ క్రియల తేడా వేరుగా చెప్పనక్కరలేదు. చిలుము ఒక్క పూటలో పట్టేది కాదు. తడి తగిలినచోట తుడవకుండా వదిలేస్తే, వదిలేసిన సంగతి ఎవరికీ గుర్తులేనంత నెమ్మదిగా పడుతుంది. తోమేటప్పుడు కూడా అది ఒక్కసారిగా ఊడిరాదు. మొదటి తోముడుకు రంగు మారుతుంది, రెండోసారికి పలచబడుతుంది, మూలల్లో ఉన్నది చివరిదాకా మొండికేస్తుంది. "క్షీణ" అనే మాటలో ఉన్నది ఈ పలచబడడమే.

ఇక శ్లోకం చూద్దాం.

లభంతే బ్రహ్మనిర్వాణమృషయః క్షీణకల్మషాః
ఛిన్నద్వైధా యతాత్మానః సర్వభూతహితే రతాః

కల్మషం క్షీణించినవారు, ద్వైధాన్ని ఛేదించుకున్నవారు, మనసును అదుపులో ఉంచుకున్నవారు, సమస్త ప్రాణుల హితంలో ఆనందించేవారు అయిన ఋషులు బ్రహ్మనిర్వాణాన్ని పొందుతున్నారని స్థూలార్థం. శంకర భగవత్పాదులు "క్షీణకల్మషాః" అంటే పాపాలు క్షీణించి దోషం లేనివారని, "ఛిన్నద్వైధాః" అంటే సంశయాలు తెగినవారని, "సర్వభూతహితే రతాః" అంటే అన్ని ప్రాణులకూ అనుకూలంగా ఉండేవారు, అహింసకులు అని వ్యాఖ్యానించారు. భగవద్రామానుజులు ద్వైధాన్ని శీతోష్ణాది ద్వంద్వాలుగా గ్రహించారు. ఈ రెండు అర్థాలకూ తలవంచుతూనే, మన నిత్యజీవితంలో ద్వైధం కనిపించే మరొక రూపాన్ని కూడా చెప్పుకోవచ్చు. ఎదుట ఒక మాట, వెనుక ఒక మాట. దేవుడి గదిలో ఒక లెక్క, బీరువాలో ఒక లెక్క. మనిషి ఇలా రెండుగా చీలినప్పుడు ఆ చీలికలోనే కల్మషం చేరుతుంది. అందుకే క్షీణకల్మషత్వం వెంటనే ఛిన్నద్వైధత్వాన్ని చెప్పారని నాకు తోస్తుంది. ఆ తర్వాత వచ్చే "యతాత్మానః" గురించి ఎన్నో ప్రవచనాలు వింటూనే ఉన్నాం. శ్లోకం చివర వచ్చే "సర్వభూతహితే రతాః" దగ్గర మాత్రం మనం తగినంతసేపు ఆగడం లేదు.

దానికి ముందు మరొక సంగతి చూడవలసి ఉంది. నైతికంగా చెడిపోవడానికి ఈ కాలంలో మనం ఎక్కువగా వాడే మాట అవినీతి. ఆ మాట వినగానే కచేరీలు, ఫైళ్లు, బల్ల కింద చాచిన చెయ్యి కళ్ల ముందుకు వస్తాయి. తిట్టడానికి అది చాలా అనువైన మాట, ఎందుకంటే అది ఎప్పుడూ ఎదుటివాడి గురించే ఉంటుంది. నిత్యపూజలో మన పెద్దలు మన నోట పలికించే మాటలు అలా లేవు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో, 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు ప్రతిష్ఠించిన రుద్రేశ్వరుని ముందు నిలబడి అర్చకులకు గోత్రనామాలు చెప్పినప్పుడు, మన పేరు సరిగా పలికారా లేదా అని చెవి ఒగ్గి వింటాం. అదే సంకల్పంలో వచ్చే "మమ ఉపాత్త సమస్త దురితక్షయద్వారా" అన్న మాటలు మాత్రం చెవిని తాకి వెళ్లిపోతాయి. ఉపాత్తం అంటే నేను సంపాదించుకున్నది, నా చేతికి తీసుకున్నది. ఆస్తి గురించి చెప్పినట్టే దురితం గురించి కూడా "ఇది నా ఆర్జన" అని పరమేశ్వరుని ఎదుట ఒప్పుకుంటున్నాం. ఆ దురితానికి కోరుకునేది క్షయం. శ్లోకంలోని "క్షీణ" కూడా ఆ ధాతువు నుంచి వచ్చిన మాటే.

సంధ్యావందనంలో ఈ ఒప్పుకోలు ఇంకా విడమరచి ఉంది. ఉదయం మంత్రించిన నీటిని తాగే జలప్రాశన మంత్రంలో మనసుతో, వాక్కుతో, చేతులతో, కాళ్లతో, కడుపుతో రాత్రి చేసిన పాపాన్ని చెప్పుకుంటాం. మధ్యాహ్నం చెప్పే మంత్రం వేరు. "యదుచ్ఛిష్టమభోజ్యం యద్వా దుశ్చరితం మమ, సర్వం పునంతు మామాపోఽసతాం చ ప్రతిగ్రహం స్వాహా." ఎంగిలి తిన్నానేమో, తినరానిది తిన్నానేమో, నడవరాని నడత నడిచానేమో, అసత్పురుషుల నుంచి పుచ్చుకున్నానేమో, వీటన్నింటి నుంచీ ఈ నీళ్లు నన్ను పవిత్రుణ్ణి చేయుగాక అని అర్థం. "అసతాం ప్రతిగ్రహం" అనే మాటను చూడండి. ఇచ్చేవాడు ఎటువంటివాడో, ఎందుకిస్తున్నాడో తెలిసి కూడా చెయ్యి చాచడాన్ని ఎంగిలి తిండి పక్కన నిలబెట్టారు. పొద్దున లేచిన మనిషి పనుల్లో పడి, నలుగురితో ఇచ్చిపుచ్చుకోవడాల్లో మునిగి, అన్నానికి కూర్చోబోయే వేళకు ఈ మంత్రాన్ని పెట్టారు. చేతిలోకి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ముద్ద నోట పెట్టుకోకముందే గుర్తు చేసుకోవడం ఇందులోని విధి. మాధ్యాహ్నికం చేసేవారు ఇప్పుడు తక్కువ. ఉదయ సాయంకాలాలు నిలుపుకున్న ఇళ్లలో కూడా మధ్యాహ్నపు సంధ్య జారిపోయింది. మూడింటిలో మనకు ఎక్కువగా అవసరమైనది అదేనేమో అనిపించి దిగులు కలుగుతుంది.

నీళ్లు తాగితే లంచం సొమ్ము దోషం పోతుందా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటవేయకూడదు. పుచ్చుకున్నదానిలో కొంత తీసి హుండీలో వేసి, కార్తీక సోమవారం అభిషేకం చేయించి, లెక్క సరిపోయిందని తృప్తిపడే అలవాటు మన మధ్య ఉంది. స్మృతిలో దీనికి సూటి సమాధానం ఉంది.

సర్వేషామేవ శౌచానాం అర్థశౌచం పరం స్మృతమ్
యోఽర్థే శుచిర్హి స శుచిర్న మృద్వారిశుచిః శుచిః

శౌచాలన్నింటిలో ధనం విషయంలోని శౌచమే గొప్పది. ధనం దగ్గర శుచిగా ఉన్నవాడే శుచి, మట్టితోనూ నీటితోనూ శుభ్రమైనవాడు శుచి కాడు. అయితే ఒకవైపు మంత్రం నీళ్లను శుద్ధి చేయమని వేడుకుంటుంటే, మరొకవైపు స్మృతి నీళ్లతో పని లేదన్నట్టు మాట్లాడుతున్నదేమిటి? నాకు తోచిన సమన్వయం ఇది. మంత్రంలో నీరు ఒక్కటే లేదు, నోటితో ఒప్పుకోవడం కూడా ఉంది. "నేను పుచ్చుకున్నాను" అని పైకి అన్నవాడికి మరునాడు అదే చెయ్యి చాచడం కష్టమవుతుంది. ద్వైధం అక్కడ తెగడం మొదలవుతుంది. హుండీలో వేసిన వాటాలో ఆ ఒప్పుకోలు ఉండదు. అందులో ఉండేది దేవుణ్ణి కూడా వాటాదారుణ్ణి చేసుకునే ప్రయత్నం. ఈ మాట కటువుగా వినిపించవచ్చు గాని, సత్యమని నమ్మి రాస్తున్నాను. ఎవరి దగ్గర తీసుకున్నామో వారికి తిరిగి ఇవ్వగలిగితే ఇవ్వడం, ఇవ్వలేకపోతే ఇక తీసుకోకపోవడం, ఈ రెండింటి తర్వాతే అభిషేకం.

పుచ్చుకోవడం అనగానే మా ప్రాంతంలో ఎవరికైనా గుర్తుకు వచ్చేది బమ్మెర. ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉన్న ఆ చిన్న ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన పోతన, భాగవతాన్ని ఎవరికి అంకితం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో ఒక్క పద్యంలో చెప్పుకున్నాడు.

ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్
సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని చొక్కి శరీరము వాసి కాలుచే
సమ్మెట వ్రేటులం బడక సమ్మతి శ్రీహరి కిచ్చి చెప్పె నీ
బమ్మెర పోతరా జొకఁడు భాగవతంబు జగద్ధితంబుగన్

బడిలో బట్టీపట్టిన పద్యమే గనుక మనం దీన్ని కవి ఆత్మాభిమానానికి గుర్తుగా మాత్రమే చదివి వదిలేస్తాం. నిదానంగా చూస్తే మధ్యాహ్నపు మంత్రంలోని "అసతాం ప్రతిగ్రహం" ఇక్కడ తెలుగులో వినిపిస్తుంది. "మనుజేశ్వరాధములు", అంటే రాజుల్లో అధములు, అసత్తులు. "సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని" అన్నది ప్రతిగ్రహం. ఆ తర్వాతి "చొక్కి" అన్న చిన్న మాట మీద నా దృష్టి నిలిచిపోతుంది. చొక్కడమంటే మైమరచిపోవడం. పుచ్చుకున్నవాడు మొదట చెడేది అక్కడే. సొమ్ము చేతికి వచ్చిన మరుక్షణం లోపల ఒక సుఖం కమ్ముకుంటుంది, ఆ మత్తులో అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే బుద్ధి నిద్రపోతుంది. యముని సమ్మెట దెబ్బలు ఎప్పుడో శరీరం విడిచిన తర్వాతి మాట. చొక్కడం మాత్రం అప్పటికప్పుడే జరిగిపోతుంది. కల్మషం పేరుకునే క్షణాన్ని ఇంత దగ్గరగా పట్టుకున్న పద్యం నాకు మరొకటి గుర్తుకు రావడం లేదు.

పద్యం చివరి మాట "జగద్ధితంబుగన్". జగత్తుకు హితంగా చెప్పాడు. గీతాశ్లోకం చివర ఉన్నది "సర్వభూతహితే రతాః". రెండు చోట్లా హితం అన్న మాటే ఉంది, రెండు చోట్లా అది చివరనే వచ్చింది. రాజు చేతిలో పెట్టి ఉంటే ఆ కావ్యానికి ఒక వెల వచ్చి ఉండేది, వెల వచ్చినది కొన్నవాడిదవుతుంది. శ్రీహరికి ఇచ్చాడు గనుక అది అందరిదీ అయింది. ఆ తర్వాత ఎన్ని పల్లెల్లో, అక్షరం రానివారు కూడా గజేంద్రమోక్షం పద్యాలు నోటికి పాడుకుంటూ పొలం పనులు చేసుకున్నారో మన పెద్దలను అడిగితే చెబుతారు. గ్రంథం మొదట్లోనే ఆయన మరొక మాట కూడా అన్నాడు. చేతులారా శివుని పూజించాలి, నోరు నొవ్వగా హరికీర్తి నుడవాలి, దయనూ సత్యాన్నీ తలచాలి, ఇవి చేయనివాడు తల్లి కడుపుకు చేటని. పూజ, కీర్తన అయిన తర్వాత దయనూ సత్యాన్నీ కూడా అదే వరుసలో చేర్చడం గమనించదగినది. పూజ బాగా చేసి దయ లేనివాడికి ఆ పద్యంలో మినహాయింపు లేదు.

ఓరుగల్లును ఏలిన కాకతీయుల చరిత్రలోనూ ఈ పుచ్చుకోవడం, వదులుకోవడం రెండూ ఉన్నాయి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం లోకప్రసిద్ధమైనది. ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను వెనుకటి రాజులు బలవంతంగా తీసుకునేవారని, ధనం ప్రాణాల కన్నా గొప్పదని ఎంచి సముద్రయానానికి తెగించిన వారికి తాము దయతో నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నామని అందులో ఉంది. ఆ సుంకం ముప్పయింట ఒక వంతు. మునిగిన ఓడ సొమ్ము ఎవరూ అడగలేనిది, పట్టించుకునే దిక్కు లేనిది. అటువంటి దాని మీద నుంచి చెయ్యి తీసివేయడం "క్షపిత" అన్న మాటకు రాజధర్మంలో కనిపించే రూపం. దానశాసనాల చివర తరచు చెక్కించిన శ్లోకాల్లో ఒకటి "స్వదత్తాద్ ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనమ్" అంటుంది. తాను ఇచ్చిన దానం కన్నా ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడడంలో పుణ్యం రెండింతలు. చెరువు శిఖం భూమిని, గుడి మాన్యాన్ని కళ్ల ముందు కరిగిపోనిస్తున్న తరం చదువుకోవలసిన శ్లోకమిది.

అదే వంశం గురించి మేడారం అడవుల్లోని జనస్మృతి మరొకటి చెబుతుంది. కరువుతో కప్పం కట్టలేని మేడారం కోయదొర పగిడిద్దరాజు మీదికి ప్రతాపరుద్రుని సేన వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న ఆ పోరులో నిలిచారని, జంపన్న దూకిన సంపెంగవాగే జంపన్నవాగు అయిందని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పండని నేల నుంచి కప్పం అడగడాన్ని ఆ కథ మరచిపోలేదు. ముత్తాత గణపతిదేవుడు సుంకం మాత్రం తీసుకుని మిగిలినది విడిచిపెట్టిన సంగతి శాసనంలో మిగిలింది, మునిమనుమడు ప్రతాపరుద్రుని కాలం నాటి కప్పపు బాధ జాతరగా మిగిలింది. రాజ్యం రెండింటినీ మూటగట్టుకుని పోయింది గాని, రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళకు జనం వెళ్లేది కోటకు కాదు, మేడారంలోని సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గరికి.

ఆ గద్దెల దగ్గర విగ్రహం ఉండదు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. తల్లులకు మొక్కు చెల్లించేది బెల్లంతో, దాన్ని అందరూ బంగారమనే అంటారు. మొక్కుకున్న మనిషి ఎత్తు బరువు బెల్లం తూచి నిలువెత్తు బంగారం సమర్పిస్తారు. భాగవతం ప్రథమస్కంధంలో పరీక్షిత్తు కలిపురుషునికి చోటు ఇచ్చిన వాటిలో చివరిది బంగారం, దాని వెంట అసత్యమూ మదమూ కామమూ హింసా వైరమూ వచ్చి చేరాయని కథ. మేడారం బంగారానికి ఆ గుణమేదీ అంటదు, ఎందుకంటే దాన్ని దాచుకునే వీలు లేదు. ఇంటికి తెచ్చిన ముద్దను ఇల్లాలు చిన్న చిన్న ముక్కలు చేసి, కాగితాల్లో పొట్లాలు కట్టి, జాతరకు పోలేని ముసలివారు ఎవరెవరున్నారో గుర్తు చేసుకుంటూ వాడంతా తిప్పుతుంది. మాట్లాడుకోని పాలివాళ్ల గడపలో కూడా "తల్లి బంగారం" అని చేతిలో పెడితే, అవతలివారు కళ్లకద్దుకుని తీసుకోక తప్పదు. చిన్నపిల్లలు చెయ్యి చాస్తే రెండోసారి కూడా ఇస్తారు. డబ్బాలో చివరికి మిగిలేది పొడి మాత్రమే, ఇంటివారి వంతుకు వచ్చేది అదే.

సర్వభూతహితంలో "రతులు" కావడమంటే ఏమిటో నాకు ఈ పంపకం దగ్గర కొంత అర్థమవుతుంది. రతి అంటే ఇష్టంతో మునిగి ఉండడం. విధి గనుక ఇవ్వడం వేరు, ఇంకా ఎవరికి అందలేదో వెతుక్కుంటూ పోవడం వేరు. చెయ్యి లోపలికి ముడుచుకునేటప్పుడు చొక్కడం ఉన్నట్టే, బయటికి తెరుచుకునేటప్పుడు ఈ రతి ఉంది. ఆ రుచి మరిగిన మనసుకు కల్మషాన్ని వెతికి వెతికి తోమే శ్రమ కూడా తగ్గుతుంది. కల్మషం క్షీణించడం ముందా, సర్వభూతహితం ముందా అన్న ప్రశ్నకు శ్లోకంలోని వరుసను బట్టి క్షీణకల్మషత్వమే ముందని చెప్పవచ్చు. ఆచరణలో మాత్రం చాలామందికి రెండోది పట్టుకుంటేనే మొదటిది కదులుతుంది. కర్మ నాడు వాకిట్లో కూర్చున్నవారు "కల్మషం లేని మనిషి" అన్నప్పుడు దానికి రుజువుగా చెప్పే ముచ్చట్లు కూడా అటువంటివే: ఎవరి పెళ్లికి బండెడు కట్టెలు తోలించాడో, ఎవరి పిల్లను బడిలో చేర్పించాడో, ఎవరి దగ్గర రావలసిన బాకీని అడగకుండా వదిలేశాడో.

"సర్వభూతహితే రతాః" అన్న మాటను భగవానుడు 12వ అధ్యాయం 4వ శ్లోకంలో మళ్లీ అన్నాడు. ఇంద్రియాలను నిగ్రహించి అంతటా సమబుద్ధితో ఉంటూ సర్వభూతహితంలో రమించేవారు "తే ప్రాప్నువంతి మామేవ", నన్నే చేరుతున్నారని. 5వ అధ్యాయంలో వెంట ఉన్న "క్షీణకల్మషాః" ఈ శ్లోకంలో లేదు. బ్రహ్మనిర్వాణం అన్న మాట బదులు ఇక్కడ "నన్నే" అన్న మాట ఉంది. నిత్యపారాయణ చేసేవారు ఈ రెండు శ్లోకాలనూ ఒకేరోజు పక్కపక్కన పెట్టుకుని చదివి చూడాలని కోరుతున్నాను.